వీడియోలు చాలు, ఇక లెక్కలు చేయండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. సివిల్‌లో బి.టెక్. పూర్తి చేసి హైదరాబాద్‌లో రాయదుర్గం దగ్గర ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. ఇల్లు నాగోలులో. మొన్న ఫిబ్రవరిలో ఎం.టెక్. ప్రవేశాల కోసం గేట్ పరీక్ష రాశాను. అంతకుముందు ఏడాది పాటు అన్ని సబ్జెక్టుల వీడియోలూ రెండేసిసార్లు చూశాను, తొమ్మిది నోటుబుక్కులు నింపాను. పాత పేపర్లు చివరి నెలకు ఉంచుకుంటే మూడే చేయగలిగాను. వందకు 24 మార్కులు వచ్చాయి, అర్హత కూడా దక్కలేదు. మళ్లీ రాయాలని ఉంది. ఉద్యోగం మానేసి కోచింగ్‌లో చేరమని నాన్న అంటున్నారు, అమ్మ వద్దంటోంది. ఎలా చదవాలో చెప్పగలరా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ తొమ్మిది నోటుబుక్కుల దగ్గర కాసేపు ఆగిపోయాను. రోజూ నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటి ఉద్యోగం చేసి వచ్చి, ఇంట్లో కూర్చుని అన్ని పుస్తకాలు నింపారంటే మీ శ్రమను శంకించడానికి నాకు నోరు రాదు. అంత కష్టపడ్డారు కాబట్టే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఏడాదంతా మీరు ఒకరు చెబుతుంటే విన్నారు, విన్నది రాసుకున్నారు. పరీక్ష హాల్లో మాత్రం చెప్పేవారెవరూ ఉండరు. మూడు గంటల్లో 65 ప్రశ్నలకు మీ అంతట మీరే లెక్క తేల్చాలి. ఆ పని మీరు ఏడాది మొత్తం మీద మూడుసార్లు చేశారు. 24 మార్కులకు కారణం నాకు అక్కడే కనబడుతోంది.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలుగా చదివారు. మరికొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతల్లోనూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవారే గెలిచారు: వారికి 83 శాతం గుర్తుంది, రెండో జట్టుకు 71 శాతం. వారం తర్వాత అదే పరీక్ష పెడితే మొదటి జట్టు 40 శాతానికి పడిపోయింది, రెండో జట్టు 61 దగ్గర నిలిచింది. వీడియో చూసిన రాత్రి అంతా అర్థమైందని మీకు అనిపించడం అబద్ధం కాదు. అప్పటికి అది నిజమే. ఫిబ్రవరి దాకా నిలవలేదు, అంతే.

కాబట్టి ఈసారి ఎన్ని గంటలు చదివారో రాసుకోవడం మానేయండి. ఎన్ని ప్రశ్నలు చేశారో, ఎన్ని తప్పాయో రాసుకోండి. కొత్త అధ్యాయానికి అరగంట మీ పాత నోట్సు చూసి, పుస్తకం మూసేసి, వెంటనే ఆ అధ్యాయంలో గతంలో వచ్చిన గేట్ ప్రశ్నలు పదిహేనైనా చేయండి. మొదట్లో సగం కూడా రావు. ఆ చిరాకును ఓర్చుకోవాలి. మళ్లీ వీడియో పెట్టుకోవాలని చేయి లాగేది సరిగ్గా అప్పుడే. చిక్కుబడ్డ ఒక్క అంశం వరకే వీడియో చూడండి, అదీ మీరు ఇరవై నిమిషాలు తంటాలు పడ్డాకనే.

సమయం ఎంత ఉందో నిజాయతీగా లెక్క వేద్దాం. పనిరోజుల్లో పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా రెండు గంటలు, శనివారం నాలుగు, ఆదివారం నాలుగు. వారానికి 18 గంటలు. బోనాల వేళ మొదలుపెడితే ఫిబ్రవరికి దాదాపు 30 వారాలు, అంటే 540 గంటలు. ఆఫీసులో డ్రాయింగులు పంపాల్సిన వారాలు, జ్వరాలు, ఇంట్లో పెళ్లిళ్లు, పండగలు అన్నీ కలిసి అందులో ఐదో వంతు తినేస్తాయి. మిగిలేవి సుమారు 430 గంటలు. సివిల్ సిలబస్‌కు ఇవి సరిపోతాయి, కానీ ప్రతి సబ్జెక్టునూ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా మళ్లీ చదవడానికి సరిపోవు. రాత్రిపూట చదువు పెట్టుకోలేదని గమనించే ఉంటారు. రోజంతా పనిచేసి, మెట్రో దిగి ఇంటికి చేరిన మనిషి పుస్తకం ముందు కూర్చుంటే పేజీలు తిరుగుతాయి, లెక్కలు తెగవు. నిద్రపోండి.

దసరా లోపు స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, సాయిల్ మెకానిక్స్, ఎన్విరాన్‌మెంటల్, వీటితోపాటు గణితం. మొదటి రెండూ పునాదులు. ఒకటి రాకపోతే స్ట్రక్చర్స్ ఎక్కదు, రెండోది రాకపోతే హైడ్రాలజీ, ఇరిగేషన్ తడబడతాయి. దసరా నుంచి కార్తీకం ముగిసేదాకా స్ట్రక్చరల్ అనాలిసిస్, కాంక్రీటు, స్టీలు, ట్రాన్స్‌పోర్టేషన్, సర్వేయింగ్. డిసెంబరు నుంచి కొత్తది ఏదీ వద్దు. మీకు ఇంకా రానిది ఏదైనా మిగిలితే, దాన్ని వదిలేసే ధైర్యం ఆ నెలలో కావాలి. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అసలు పరీక్ష జరిగే సమయానికే కూర్చుని ఒక పూర్తి పేపరు రాయండి. సంక్రాంతికి ఊరు వెళ్తే వెళ్లండి, కానీ ఆ వారం పేపరు అక్కడ కూడా రాయాలి.

గణితం, జనరల్ ఆప్టిట్యూడ్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. సివిల్ వాళ్లు ఎప్పుడూ వీటిని చివరికి నెడతారు. ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులు, గణితానికి సుమారు 13. మొత్తం 28, అంటే పేపరులో పావు వంతు పైనే. మీకు వచ్చిన 24 కంటే కూడా ఎక్కువ. స్టీల్ డిజైన్‌లో ఒక మూల మిగిలిపోయిన ఫార్ములా కోసం రెండు రోజులు పోరాడే బదులు మ్యాట్రిక్సులు, ప్రాబబిలిటీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్లకు వారంలో రెండు పొద్దులు ఇవ్వండి.

ఇక మీ పదో నోటుబుక్కు. అందులో పాఠాలు రాయకండి, మీ తప్పులు మాత్రమే రాయండి. తప్పిన ప్రతి ప్రశ్న పక్కన మూడింట్లో ఒక గుర్తు పెట్టండి. ‘తె’ అంటే తెలియదు, ‘మ’ అంటే తెలిసినా మరిచిపోయాను, ‘తొ’ అంటే తొందరపడ్డాను. ఒక ఉదాహరణ చెబుతాను. బంకమట్టి పొరకు పైనా కిందా ఇసుక ఉంటే నీరు రెండు వైపులకూ పోతుంది, కాబట్టి కన్సాలిడేషన్ (బరువుకు నీరు బయటకు పోయి మట్టి కుంగడం) లెక్కలో తీసుకోవలసింది పొర మందంలో సగం. ఆ సగం చేయడం మరిచిపోతే సమయం నాలుగు రెట్లు వస్తుంది. దారుణం ఏమిటంటే ఆ తప్పుడు జవాబు కూడా నాలుగు ఆప్షన్లలో ఒకటిగా ఎదురుచూస్తూ ఉండవచ్చు. మీరు సంతోషంగా దాన్నే నొక్కి ముందుకు వెళ్తారు. అలాంటి తప్పు ఒకసారి మీ చేతితో రాసుకుంటే మళ్లీ జరగడం అరుదు. ‘తె’లు ఎక్కువుంటే చదవాలి, ‘మ’లు ఎక్కువుంటే మూడు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి మళ్లీ చేయాలి. ‘తొ’లకు చదువుతో పని లేదు. ప్రశ్నలో యూనిట్ల కింద గీత గీసి మొదలుపెట్టే అలవాటు చేసుకోవాలి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది తమకు ‘తె’లు ఎక్కువనుకుంటారు, లెక్కపెట్టి చూస్తే ‘మ’లు ఎక్కువ తేలతాయి.

మెట్రోలో దాదాపు గంట ప్రయాణం మీకు వరమే. నాగోలు మొదటి స్టేషన్, సీటు దొరికే అవకాశం ఉంటుంది. అక్కడ కొత్త విషయం పెట్టుకోవద్దు, ఫోను కూడా తీయవద్దు. చిన్న కాగితాల మీద ఒకవైపు ప్రశ్న, మరోవైపు ఫార్ములా రాసుకుని, తిప్పి చూడకముందే గుర్తు తెచ్చుకోండి. అమీర్‌పేటలో జనం తోసుకుని ఎక్కే లోపు ఇరవై కాగితాలు అయిపోతాయి.

పరీక్ష తీరును కూడా ఇప్పటి నుంచే సాధన చేయాలి. సొంత కాల్‌క్యులేటర్ అనుమతించరు, తెర మీద కనిపించేదాన్ని మౌసుతో నొక్కాలి. ఇంట్లో చేతి కాల్‌క్యులేటర్‌తో ఏడు నెలలు చేసి, అక్కడ మొదటిసారి ఆ తెర మీది కాల్‌క్యులేటర్‌ను చూస్తే చాలా నిమిషాలు పోతాయి. జవాబుగా అంకె టైపు చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు. ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండే ప్రశ్నలకూ లేవు, కానీ అన్నీ సరిగ్గా గుర్తిస్తేనే మార్కు, సగం జవాబుకు సగం మార్కు రాదు. ఒకే జవాబు ఉండే ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు మార్కు పోతుంది. రెండు మార్కుల ప్రశ్న తప్పితే మార్కులో మూడింట రెండు వంతులు పోతాయి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే దీర్ఘకాలంలో లాభనష్టాలు సమానం. ఒక్క ఆప్షన్ కచ్చితంగా తప్పని తేల్చగలిగితే మాత్రం పెట్టడం లాభమే. ఈ లెక్క ముందే మనసులో ఉంటే హాల్లో చేయి వణకదు.

దరఖాస్తు సాధారణంగా ఆగస్టు చివర మొదలవుతుంది, సెప్టెంబరు దాటితే అదనపు రుసుము పడుతుంది. ఎదురుచూడకుండా పూర్తి చేసి పరీక్షా కేంద్రంగా హైదరాబాద్‌ను ఎంచుకోండి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీలకు ఒక్కొక్కదానికీ విడిగా దరఖాస్తు చేయాలి, ఎన్‌ఐటీలకు ఉమ్మడి కౌన్సెలింగ్ ఉంటుంది. కంది దగ్గర ఐఐటీ, వరంగల్‌లో ఎన్‌ఐటీ మీకు దూరం కావు. గేట్ స్కోరుతో ఇలాంటి సంస్థల్లో ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంటుంది. ఈ మాట నాన్నగారికి కూడా చెప్పండి, ఆయన ఆందోళనలో డబ్బు సంగతి కూడా ఉండి ఉండవచ్చు.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. కోచింగ్ కేంద్రాల మీద నాకు కోపం లేదు, కానీ అక్కడ చేరితే మీకు దొరికేది మరో విడత పాఠాలు. పాఠాల కొరత మీకు లేదు. ఖాళీ రోజులు చేతికి వస్తే మళ్లీ వీడియోల వైపే వెళ్తారేమోనని నా భయం. అక్టోబరు చివర అప్పటిదాకా ముట్టుకోని రెండు పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయండి. రెండింటిలోనూ 40 దగ్గరికి వస్తే ఇదే పద్ధతిలో సాగండి, ఉన్న సెలవులన్నీ దాచుకుని జనవరి చివరి రెండు వారాలకు పెట్టుకోండి. 30 దాటకపోతే ఉద్యోగం విషయం అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి. అప్పుడు మీ చేతిలో అంకెలు ఉంటాయి, ఆ మాట వాదనగా మారదు.

అంతకుముందు ఈ ఆదివారం, మొన్న మీరు రాసిన పేపరునే మళ్లీ తీసి మూడు గంటలు కూర్చుని రాయండి. మార్కులు ఎన్ని వచ్చినా ఫరవాలేదు. ఎన్ని ‘తె’లు, ఎన్ని ‘మ’లు, ఎన్ని ‘తొ’లు వచ్చాయో లెక్కపెట్టి నాకు రాయండి. ఏ సబ్జెక్టుకు ఎన్ని వారాలు కేటాయించాలో ఆ అంకెలు చూశాక చెబుతాను.