హన్మకొండ చెల్లెకు: పాప 4:30కే లేస్తుంటే

చెల్లే, 14 నెలల పాపను రాత్రి 10కి పడుకోబెట్టినా తెల్లారి 4:30కే లేచి కూర్చుంటోందని రాశావు. ముందు ఆ 10ని మార్చు. ఆలస్యంగా పడుకుంటే ఆలస్యంగా లేస్తారనేది పెద్దల లెక్క. బాగా అలిసిన పిల్లలు ఇంకా తొందరగా లేస్తారు. రోజుకో పావుగంట జరుపుతూ 8కి తీసుకురా. పొద్దున 7కే మళ్లీ పడుకుంటోందన్నావు కదా, అది రాత్రి నిద్రలో మిగిలిన ముక్కే. దాన్ని మెల్లగా 9 దాటించు. ఈ వయసుకు పగటి కునుకులతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర చాలు.

మే నెలలో మన దగ్గర 5:40 కల్లా పొద్దు పొడుస్తుంది, కిటికీకి మందపాటి పరదా కట్టు. లేవగానే లైటు, ఫోను, పాలసీసా వద్దు. మీ అత్తమ్మ 5కే వేసే బోరు మోటరు సంగతి మాత్రం నువ్వే చూసుకోవాలి! రెండు వారాలైనా ఓపిక పట్టు. నిద్రలో గురక పెడుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించు.