ఆ సున్నాలు ఎక్కడ పడ్డాయో చూడండి

ప్రశ్న: మా ఆడపడుచు వేసిన పిటిషన్ మీద రెండేళ్ల కిందట ఖమ్మం జిల్లా నుంచి డాలస్ వచ్చాం. గ్రీన్ కార్డులు ఉన్నాయి. మా అమ్మాయి అక్కడ తెలుగు మీడియంలో ఇంటర్ బైపీసీ పాసైంది. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో చేర్పిస్తే కాలేజీ చదువుకు సిద్ధమేనా అని చూసే టీఎస్ఐ పరీక్ష పెట్టి, ఇంగ్లిష్‌కీ లెక్కలకీ ఇంకా తయారుగా లేదన్నారు. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ ‘సీ’తో గట్టెక్కింది, స్టాటిస్టిక్స్ ఫెయిలైంది, సైకాలజీ మధ్యలో వదిలేసింది. ఇప్పుడు ఫైనాన్షియల్ ఎయిడ్ వార్నింగ్ అని లెటర్ వచ్చింది. ఒక సెమిస్టర్ ఆపి స్టోర్‌లో ఫుల్‌టైమ్ చేయమని వాళ్ల నాన్న అంటున్నారు. అమ్మాయికేమో నర్సింగ్ మీదే మనసు. ఏం చేయమంటారు?

జవాబు: ఆపకండమ్మా. ఈ ఒక్క సెమిస్టర్ మాత్రం అస్సలు ఆపకండి.

మీరు పంపిన గ్రేడ్ల స్క్రీన్‌షాట్‌ను పెద్దది చేసి చూశాను. స్టాటిస్టిక్స్‌లో మూడు పరీక్షలకూ 74, 70, 72 వచ్చాయి. ఫెయిలయ్యే పిల్ల మార్కులా ఇవి? దాని కింద హోంవర్క్ వరుసలో మాత్రం మొదటి వారం నుంచి చివరి వారం దాకా అన్నీ సున్నాలే. ఆ కోర్సులో పరీక్షలకు 60 శాతం, క్విజ్‌లకు 15, హోంవర్క్‌కు 25. పరీక్షల నుంచి 43, క్విజ్‌ల నుంచి 9, మొత్తం 52 దగ్గర ఆగిపోయింది. హోంవర్క్‌లో 20 తెచ్చుకున్నా 72తో హాయిగా పాసయ్యేది.

అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడాను. హోంవర్క్ ఆన్‌లైన్‌లో చేయాలంటే యాక్సెస్ కోడ్ కొనాలట, వంద డాలర్ల పైనే. ‘నాన్నని అడగలేకపోయాను. ఫైనల్ బాగా రాస్తే సరిపోతుందిలే అనుకున్నాను’ అంది. నాకు చాలా బాధేసింది. ఆ పిల్ల అలా అనుకోవడంలో తప్పేముంది? మన ఇంటర్‌లో ప్రాక్టికల్స్ పోను, ఏడాదంతా ఎలా చదివినా ఆఖర్న రాసే పబ్లిక్ పరీక్షే లెక్క. ఇక్కడ ప్రతి వారం లెక్కే. ఈ తేడా మన పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, ఒక సెమిస్టర్ పోయాక వాళ్లకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఆ కోడ్‌కు మీ జేబులోంచి పెట్టే అవసరం బహుశా లేకపోయేది. గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకు ఆదాయాన్ని బట్టి పెల్ గ్రాంట్ అని, తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం వస్తుంది. ట్యూషన్ పోగా మిగిలింది పుస్తకాలకు, ఇలాంటి కోడ్‌లకు వాడుకోవచ్చు. తన ఖాతాలో ఎంత మిగిలిందో ఈ వారమే ఎయిడ్ ఆఫీసుకు వెళ్లి అడగమనండి.

వార్నింగ్ లెటర్ చూసి టెన్షన్ పడకండి. వార్నింగ్ అంటే డబ్బు ఆపేశారని కాదు, వచ్చే సెమిస్టర్‌కు ఇస్తూనే గమనిస్తారు. సాధారణంగా జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 2.0 ఉండాలి, తీసుకున్న క్రెడిట్లలో 67 శాతం పూర్తి చేయాలి. మధ్యలో వదిలేసిన సైకాలజీ కూడా ‘తీసుకున్నవాటి’ కిందే వస్తుంది. పైగా టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో మొత్తం చదువు మీద ఆరు కోర్సుల కంటే ఎక్కువ వదలడానికి వీల్లేదు, అందులో ఒకటి అయిపోయినట్టే. ఈసారి తీసుకున్నవన్నీ పాసవ్వాలి. అప్పటికీ లెక్క సరిపోకపోతే, కొత్త దేశం, కొత్త భాష, మొదటి సెమిస్టర్ అని రాసి అప్పీల్ పెట్టుకునే దారి ఉంది.

‘తయారుగా లేదు’ అన్న మాట మీ ఇంట్లో అందరికీ గుచ్చుకున్నట్టుంది. ఒకప్పుడు అలాంటి పిల్లల్ని క్రెడిట్ రాని క్లాసుల్లో రెండు మూడు సెమిస్టర్లు కూర్చోబెట్టేవారు, అక్కడే చాలామంది విసిగి వెళ్లిపోయేవారు. 2017లో టెక్సస్ చట్టం తెచ్చి ఆ పద్ధతి మార్చింది. ఇప్పుడు మామూలు కాలేజీ క్లాసుతో పాటే అదే సెమిస్టర్‌లో సాయం చేసే క్లాసు జోడిస్తున్నారు. మీ అమ్మాయి చదివిందీ అలాగే. తెలుగు మీడియంలో చదివి, మొదటి సెమిస్టర్‌లోనే ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాసి సీ తెచ్చుకుంది. ఆ మాట వాళ్ల నాన్నగారు ఒక్కసారి నోరారా అంటే ఆ పిల్లకు ఎంత బలమో.

ఆయనకు న్యూయార్క్ సంగతి ఒకటి చెప్పండి. అక్కడి సిటీ యూనివర్సిటీ కమ్యూనిటీ కాలేజీల్లో 2007 నుంచి ఏసాప్ అనే కార్యక్రమం ఉంది. లెక్కల్లోనో ఇంగ్లిష్‌లోనో వెనకబడ్డ దాదాపు 900 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపునే ఇందులో చేర్చి చూశారు. ఫుల్‌టైమ్ చదవాలన్నారు, తరచూ కలిసే అడ్వైజర్‌ని పెట్టారు, ట్యూటరింగ్, పుస్తకాలు, బస్సు, మెట్రో కార్డు ఇచ్చారు. మూడేళ్లకు మామూలు గుంపులో 22 శాతం మంది డిగ్రీ అందుకుంటే ఈ గుంపులో 40 శాతం మంది అందుకున్నారు. రెండు గుంపుల్లోనూ ఒకలాంటి పిల్లలే, ఒకరికి తోడు దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. పుస్తకం, బస్సు కార్డు అంటే చిన్నవిగా కనిపిస్తాయి గానీ మీ అమ్మాయి ఆగిపోయింది అలాంటి చోటే కదా.

ఒక్క సెమిస్టరే కదా అని ఆపినవాళ్లలో తిరిగి చేరినవాళ్లు నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లో చాలా తక్కువ. ఆ జీతానికి ఇల్లు అలవాటు పడుతుంది, నేర్చుకున్న లెక్కలు మరుపున పడతాయి.

స్టోర్‌లో ఇప్పుడు వారానికి చేస్తున్న 28 గంటలను 15కు తగ్గించండి. కాలేజీలోనే వర్క్ స్టడీ ఉద్యోగం దొరికితే ఇంకా మంచిది. స్టాటిస్టిక్స్ మళ్లీ తీసుకోమనండి, ఫెయిలైన కోర్సుకు గ్రాంట్ మళ్లీ వర్తిస్తుంది. అనాటమీ మాత్రం ఇప్పుడు వద్దు. నర్సింగ్ సీటుకు ఆ గ్రేడ్ చూస్తారు కాబట్టి చదువు గాడిలో పడ్డాకే తీసుకోవాలి. కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే అసోసియేట్ డిగ్రీతో రాసినా బ్యాచిలర్స్‌తో రాసినా ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్స్ పరీక్ష ఒకటే, కాబట్టి ఈ దారిలో వెళ్లడం తక్కువేమీ కాదు.

మొదటి వారంలోనే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు వెళ్లి, ‘పోయినసారి హోంవర్క్ చేయక ఫెయిలయ్యాను, ఈసారి పాసవ్వాలి’ అని చెప్పమనండి. ఇంగ్లిష్ తప్పులొచ్చినా పర్వాలేదు. సిలబస్ చేతికి వచ్చిన రోజే ఫోటో తీసి నాకు పంపమనండి. ఏ వారం ఏముందో కలిసి క్యాలెండర్‌లో రాసుకుంటాం.