రచయితకి రిహార్సల్లో కుర్చీ వెయ్యి

చిన్నా,

పర్లాకిమిడిలో నాటక బృందం పెడుతున్నావని, ఊళ్లోనే ఉండి రాసే రచయితలు కూడా అందులో ఉంటారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్.

హాలు అద్దె, లైట్లు, మైకులు నువ్వు చూసుకోగలవు. రిహార్సల్ చెప్పిన టైముకి మొదలుపెట్టు. ఆడపిల్లల్ని రాత్రి ఇంటి గుమ్మం దాకా దించాకే నువ్వు ఇంటికెళ్లాలి. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం పిల్లయినా సరే, దగ్గరే కదా అని ఆటో ఎక్కించి వదిలెయ్యకు. ఈ విషయంలో నాతో వాదించొద్దు.

నా దిగులంతా రచయితల గురించే. మా నాటక సమాజంలోనూ ఒక రచయిత ఉండేవాడు. రిహార్సల్లో మూల కూర్చుని మా మాటలు వినేవాడు. టీ తాగుతూ మా కూరగాయలామె బేరమాడినట్టు నేను «హఉ, హఉ, రేపు ఇస్తాలే» అంటే, మర్నాటికి అది నా పాత్ర నోట్లో ఉండేది. సగం ఒడియా, సగం తెలుగు, మన వీధి మాట. నాకు ఊపిరి చాలదని తెలిసి నా డైలాగులు పొట్టిగా రాసేవాడు. నేను బాగా చేశానని జనం అన్నారంటే సగం ఆయన రాసిన తీరు వల్లే.

ఒకసారి నాటక పరిషత్తు పోటీకి వెళ్తుంటే, బయటినుంచి పిలిపించిన నటుడికి పెద్ద డైలాగు కావాలని మా కార్యదర్శి చివరి సీను తీసేసి వేరే అతికించాడు. రచయితకి చెప్పలేదు. ఆయన భార్యని తీసుకుని ముందు వరసలో కూర్చున్నాడు, చేతిలో కరపత్రం. అందులో నటుల పేర్లన్నీ ఉన్నాయి, ‘రచన’ అన్న లైనే లేదు. తెర దించాక లోపలికొచ్చి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు, నా చేతిలోని స్క్రిప్టు తీసుకుని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మళ్లీ రాలేదు. తర్వాత మేం వేసినవన్నీ ఎక్కడో రాసిన నాటకాలే. ఆ యాస మా నోట పలకలేదు, చూసేవాళ్లకీ మా మీద నమ్మకం పోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుందిరా. గిడుగు రామమూర్తి గారు మన ఊళ్లో 1880లో ఉద్యోగంలో చేరి, ఇక్కడే ఉండి వాడుక భాష కోసం పోరాడారు. 1936లో ఒడిషా ఏర్పడి మన ఊరు అందులో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వెళ్లినా ఆ తెలుగు మన వీధుల్లో మిగిలింది. దాన్ని రాసేవాడు దొరికినప్పుడు పోగొట్టుకుంటామా?

కాబట్టి విను. రచయితకి ఎంతిస్తావో, ఎన్ని ప్రదర్శనలకో ముందే కాగితం మీద పెట్టు. కరపత్రంలో పేరు నటులతో సమానంగా వెయ్యి. డైలాగు నోరు తిరక్కపోతే నటుడు మార్చెయ్యకూడదు, ఆయనకి చెప్పాలి, ఆయనే మారుస్తాడు. అలాగని రిహార్సల్ మధ్యలో లేచి నటుణ్ని ఆయన సరిదిద్దకూడదు, అది దర్శకుడి పని. ఒక్కరికి మించి రచయితలుంటే ఏ నాటకంలో ఎవరి మాట చెల్లుతుందో మొదటే తేల్చు. లేకపోతే గొడవ నటుల మీద పడుతుంది, పాపం వాళ్లు పగలంతా ఉద్యోగాలు చేసి వస్తారు.

నువ్వు మొహమాటస్తుడివి. కాగితం రాయమంటే స్నేహితులు నొచ్చుకుంటారేమో అనుకుంటావు. నొచ్చుకోరు నాన్నా, ధైర్యం వస్తుంది వాళ్లకి.

మొదటి నాటకం స్క్రిప్టు కొంచెం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపు. తల్లి పాత్ర ఉంటే ఆ పేజీలు ముందు పంపు, అది వేసే అమ్మాయికి ఫోన్లో చదివి వినిపిస్తాను. ఖర్చులకి కొంత మీ అమ్మ దగ్గర ఉంచాను, అడిగి తీసుకో.

నీ పెద్దత్త