ఈ మడిలో ఎన్ని బస్తాలు?

చిరంజీవి లక్ష్మికి ఆశీస్సులు.

పిల్లల చేత చేయిస్తూ చదువు చెప్పాలన్న నీ ఉబలాటం చూసి చాలా సంతోషం వేసింది. కానీ నువ్వు పంపిన పట్టీలో నీరు, ప్రకృతి, మన ఊరు అన్నీ ఏనుగంత అంశాలే. అలాంటిది ఎత్తుకుంటే మూడోనాటికి మళ్లీ బోర్డు మీద రాసి కాపీ చేయించడంలోకే వస్తావు. అంశం బదులు ఒక ప్రశ్న వెతుక్కో. దాని జవాబు నీకూ ముందు తెలియకూడదు, పిల్లలు చేత్తో తేల్చుకోగలగాలి, చివరికి తప్పో ఒప్పో బయటపడాలి. ఇప్పుడు కార్తీకం, మన శ్రీకాకుళం వైపు పొలాలు కోతకొస్తున్నాయి. బడి పక్క వరి మడి చూపించి "ఈ ఎకరంలో ఎన్ని బస్తాలు పండుతాయి?" అని అడుగు. ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చునే నీ బడికి నాలుగు వారాలు ఇదొక్కటే చాలు.

ముందు రైతు దగ్గరికి వెళ్లి అనుమతి తీసుకో, కోత ఎప్పుడో కనుక్కో. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న కబురు వస్తే ఆయన అనుకున్న రోజుదాకా ఆగడు. కోత మిషన్ దొరికితే తెల్లారేసరికి మడి ఖాళీ. అందుకని చదరపు మీటరు పైరు కొలిచి కోయడానికి వాడే చట్రం వారం ముందే సిద్ధం చేసుకో.

చట్రానికి నాలుగు వెదురు బద్దలు కావాలి. లోపలి కొలత ఒక్కోవైపు సరిగ్గా మీటరు. మూడు వైపులే బిగించి కట్టు, నాలుగోది విడిగా ఉంచు. అన్ని వైపులా కట్టేస్తే నిలబడ్డ పైరులోకి చట్రం దిగదు. మూడు వైపులదాన్ని మొదళ్ల దగ్గర పక్కనుంచి తోసి, తర్వాత నాలుగో బద్ద కట్టాలి. కట్టాక మూల నుంచి మూలకి కొలిపించు, రెండు వైపులా 141 సెంటీమీటర్లు రావాలి. తేడా వస్తే చట్రం ఏటవాలుగా ఉన్నట్టు, వైశాల్యం చదరపు మీటరు కంటే తగ్గిపోతుంది. అయిదో తరగతి పిల్లలకి ఈ పని వదిలేసి నువ్వు పక్కన నిలబడు.

చోటు పిల్లల్ని ఎంచుకోమంటే ఒత్తుగా పండిన చోటే చూపిస్తారు. గట్టువార పైరుకి గాలీ వెలుతురూ ఎక్కువ, అక్కడ దిగుబడి బాగుంటుంది, మడంతా అలా ఉండదు. గట్టు నుంచి కనీసం పది అడుగులు లోపలికి వెళ్లాక, ఇంకెన్ని అడుగులు వెయ్యాలో చీటీలు తీయించు. అలా మూడు చోట్లు. దుబ్బు మొదలు చట్రం లోపలుంటే అది లెక్కలోకి వస్తుంది, బయట దుబ్బు వెన్ను, అంటే కంకి, లోపలికి వాలినా రాదు. దీని మీద పిల్లలు తగువులాడుకుంటారు, ఆడుకోనీ. కొడవలి మాత్రం రైతు చేతిలోనే ఉండాలి. పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు, కాళ్లకి చెప్పులు, ముందు కర్రతో తట్టుకుంటూ నడిచే పెద్దవాళ్లు ఒకరు. కోతల వేళ పాములు తిరుగుతాయి.

మూడు కట్టలూ కలిపేయకు, వేటికవే బరకం మీద కొట్టించి, చేటతో తూర్పారబట్టి, రెండు రోజులు ఎండబెట్టించు. పచ్చి ధాన్యం తూస్తే బస్తాలు ఎక్కువ తేలతాయి. గింజ పంటితో కొరికితే కటుక్కున విరగాలి. మూడింటి సగటు 600 గ్రాములు వచ్చిందనుకో. సెంటంటే దాదాపు 40 చదరపు మీటర్లు, అంటే 24 కిలోలు. ఎకరమంటే వంద సెంట్లు కాబట్టి 2,400 కిలోలు, 75 కిలోల బస్తా లెక్కన 32 బస్తాలు. ఈ లెక్క పెద్దపిల్లలే చెయ్యాలి. చిన్నవాళ్లకి తలా ఒక వెన్ను ఇవ్వు. గట్టి గింజలు, తాలు వేరుచేసి పదేసి కుప్పలు పెట్టి, కుప్పకో చింతపిక్క చొప్పున లెక్కపెడతారు. ఒకటో తరగతి పిల్లలకి వంద దాటిన లెక్క అలా చేతికొస్తుంది.

మధ్యలో ఖాళీ రోజులు ఏ విత్తనం బాగా మొలుస్తుందో చూడటానికి వాడు. లీటరు నీళ్లలో 100 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి గుడ్డు వెయ్యి. రూపాయి బిళ్లంత పైకి తేలేదాకా చెంచాడు చెంచాడు ఉప్పు కలుపుతూ పో. గుడ్డు తాజాది కావాలి. పాతదైతే లోపల గాలి పెరిగి మంచినీళ్లలోనే తేలిపోతుంది, నీ ప్రయోగం అక్కడే చెడుతుంది. ఆ నీళ్లలో ధాన్యం పోసి తేలినవి, మునిగినవి వేరుచేయించు. రెండింటినీ మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు మిగిలితే మొలకరాదు. వందేసి గింజలు తడిగుడ్డలో చుట్టి, ఎలకలకి అందకుండా వేలాడదీసి, నాలుగో రోజు నుంచి రోజూ లెక్కపెట్టించు. గుడ్డ తడిగా ఉంటే చాలు, నీళ్లోడితే గింజ కుళ్లి కంపుకొడుతుంది. వందకి 80 మొలిస్తేనే అమ్మే విత్తనానికి పనికొస్తుందన్నది ప్రమాణం. శాతం అన్న పాఠం ఇక్కడే చెప్పు. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఇప్పుడే కోసిన ధాన్యానికి నిద్ర ఉంటుంది, సరిగా మొలవదు. నిరుటి విత్తనం అడిగి తెచ్చుకో. దొరికితే స్వర్ణ, మన రాగోలు పరిశోధన కేంద్రంలో పుట్టిన శ్రీకాకుళం సన్నాలు, ఈ రెండు వరి రకాలూ తెచ్చి, పక్కపక్కన గింజ పొడుగు కొలిపించు.

రోజూ పొద్దున గంటన్నర చదవడానికి, లెక్కలకి విడిగా ఉంచు, ఏ పనొచ్చినా దాన్ని కదపకు. మడిలో తిరిగితే అక్షరాలు వాటంతటవి రావు. చదవడం రాని పిల్ల ఈ నాలుగు వారాలూ కట్టలు మోస్తూ హుషారుగా కనిపిస్తుంది కాబట్టి ఆ వెనకబాటు నీ కంట పడదు. నాకు అన్నిటికంటే భయం ఇదే.

నోటు పుస్తకంలో ముందు బొమ్మ, తర్వాత సొంతమాటల్లో రెండు వాక్యాలు, చేసిన రోజే. పుస్తకాలన్నిట్లో ఒకే వాక్యం కనిపిస్తే నువ్వు చెప్పి రాయించినట్టే.

పిల్లలు తేల్చిన బస్తాల లెక్క నూర్పుకి ముందే బడి గోడ మీద రాయించు. నూర్పయ్యాక రైతుని పిలిచి అసలు లెక్క చెప్పించు. తేడా రాకుండా ఉండదు. కోతలో రాలిన గింజ, గట్లు తిన్న నేల, సరిగా ఆరని ధాన్యం, ఏది ఎంత తినేసిందో పిల్లలే వాదించుకోవాలి. మూడు చోట్ల కోసిన ధాన్యం రెండు కిలోలు ఉండదు, అయినా సంచిలో పోసి ఆ రోజే పిల్లల చేత ఆయనకి ఇప్పించెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు