దేవుణ్ణి నమ్మకపోతే మనసు కూడా ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా ఆయనా నేనూ నాస్తికులం, దండల పెళ్లి చేసుకున్నాం. పాపకు 14 నెలలు, సిజేరియన్. అనుకోకుండా మళ్లీ గర్భం, 9 వారాలు. ఇంటి లోన్ ఉంది, తీయించేద్దాం అంటున్నారాయన. నాకు మనసొప్పడం లేదు. "దేవుడే లేడనేదానివి, ఈ పాపభయం ఏంటి? మందుల షాపులో ట్యాబ్లెట్లు తెచ్చేస్తా" అంటున్నారు. పోయినేడు అబార్షన్ చేయించుకున్న మా తోటికోడలు కూడా ఆయనకే వంత పాడితే, కోపంలో హంతకురాలివన్నాను. నాది మూఢనమ్మకమా? - గుంటూరు సోదరి

జవాబు: కాదమ్మా. ప్రాణం మీద పట్టింపు ఉండాలంటే పాపభయమే అక్కర్లేదు. మాంసం ముట్టని నాస్తికులు లేరా? అమెరికా జర్నలిస్టు నాట్ హెంటాఫ్ 2017లో పోయారు. నాస్తికుణ్ణని చెప్పుకుంటూనే అబార్షన్‌నూ ఉరిశిక్షనూ కూడా వ్యతిరేకించారాయన. ఒంట్లో పెరుగుతున్నది మనిషి ప్రాణమే అనుకోవడానికి గుడి మెట్లు ఎక్కక్కర్లేదు. శరీరం ఆమెది, నిర్ణయమూ ఆమెదే అనే హేతువాదులూ చాలామంది. మీ విషయంలో ఆ వాదన కూడా మీ వైపే కదా!

చట్టం చూసినా అంతే. 18 నిండిన స్త్రీకి అబార్షన్ చేయాలంటే కావలసింది ఆమె సమ్మతి, భర్త సంతకం కాదు. ఆమె ఒప్పుకోకుండా చేయిస్తే భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. మీ ఆయన్ని బెదిరించమని కాదు, ట్యాబ్లెట్ల మాట రాశారు కాబట్టి చెబుతున్నాను. డాక్టరు లేకుండా అవి వేసుకోవడం ప్రమాదం కూడా.

ఆయన టెన్షన్ దేవుడి గురించి కాదు, ఈఎంఐ గురించి. వాదన ఆపి కాగితం, పెన్ను తీసుకుని ఇద్దరూ కూర్చోండి. మీరు ఉద్యోగం చేస్తుంటే, అక్కడ పదిమందైనా ఉంటే, రెండో కాన్పుకూ 26 వారాల జీతంతో సెలవు వస్తుంది. పాపను ఎవరు చూస్తారో, ఎన్ని నెలలు ఇబ్బందో లెక్క వేయండి.

అంతకంటే ముందు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. సిజేరియన్ తర్వాత ఇంత తక్కువ ఎడం మంచిది కాదు. కుట్లు, రక్తం, బీపీ చూపించుకోండి. మీ ప్రాణానికే ముప్పని ఆవిడ చెప్తే నిర్ణయం మార్చుకోవచ్చు, అదేమీ ఓడిపోవడం కాదు.

ఇక తోటికోడలు. ఆమె ఏ పరిస్థితిలో చేయించుకుందో మీరు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ రాత్రికే ఫోన్ చేయండి.