నల్లమల అడవిలో పుట్టిన గుండ్లకమ్మ నది వేసవి వచ్చేసరికి ఎందుకు ఎండిపోతుంది?

అడవిలో పుడితే ఏడాదంతా పారాలనేమీ లేదండీ. గుండ్లకమ్మకు వానే దిక్కు. నల్లమల మీద గట్టి వాన పడితే వాగులన్నీ ఒక్కసారే వచ్చి కలుస్తాయి, నీళ్ళు ఎర్రగా పొంగుతాయి, వాన ఆగిన కొన్నాళ్ళకే ప్రవాహం సన్నబడుతుంది. కొండలు దిగాక గిద్దలూరు, మార్కాపురం వైపు నేలేమో అసలే వాన తక్కువ నేల.

ఉన్న నీళ్ళకైనా దారి సాఫీగా లేదు. విజయనగర రాజుల కాలంలోనే, 16వ శతాబ్దంలో, కంభం దగ్గర రెండు కొండల సందులో దీనికి అడ్డంగా కట్ట వేసి చెరువు చేశారు (శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందంటారు, ఇప్పటికీ దాని కింద వరి పండుతోంది), ఆ తర్వాత మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర రిజర్వాయర్ వచ్చింది, ఇక బోర్ల సంగతి చెప్పనక్కర్లేదు.

అయినా పైకి ఎండినట్టు కనిపించే ఏట్లో ఇసుక లోతుగా ఉన్నచోట చెలమ తీసి చూడండి, మొదట బురదగా ఊరిన నీళ్ళు తోడిపోస్తే కాసేపటికి తేటగా వస్తాయి. ఇసుక తవ్వేసిన చోట మాత్రం ఆ ఆశ పెట్టుకోవద్దు.

చూడ్డానికి వెళ్ళాలంటే వానలు తగ్గాక డిసెంబరు, జనవరి బాగుంటాయి. వానాకాలంలో లోపలి రోడ్లలో చప్టాల మీద నీళ్ళు పారుతుంటే మోకాలి లోతేగా అని బండి దింపకండి. దోర్నాల మీదుగా శ్రీశైలం పోవాలంటే పగలే బయల్దేరండి, రాత్రిపూట అడవిలోకి బళ్ళు వదలరు.