రోజుల్లో చెప్పమ్మా

అమ్మా,

నీ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. రోగులు ఆస్పత్రిలో ఉన్న రోజులు షుగర్ లాంటి కారణాలతో ఎలా మారతాయో రిగ్రెషన్‌తో, అంటే డేటాకు దగ్గరగా ఒక గీత గీసి, చూశావు. ఆ రోజుల డేటా నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో రెండువైపులా సమంగా, లేదని నీకు టెన్షన్ పట్టుకున్నట్టుంది. అది కొంత తగ్గించుకో. నార్మల్‌గా ఉండాల్సింది రెసిడ్యువల్స్ (గీత చెప్పిన రోజులకూ అసలు రోజులకూ ఉన్న తేడాలు), నీ డేటా కాదు. అవి కాస్త అటూఇటుగా ఉన్నా, శాంపిల్ పెద్దదైతే గుణకాల (ఒక్కో కారణంతో రోజులు ఎంత మారతాయో చెప్పే అంకెల) లెక్క చాలావరకు నిలబడుతుంది. నేనైతే ముందు రెండు విషయాలు చూస్తాను: రెసిడ్యువల్స్ అంతటా ఒకే మేర చెదిరి ఉన్నాయా, ఒకరిద్దరు రోగులే గీతను తమవైపు లాగేస్తున్నారా అని.

నన్ను ఆపింది నీ టేబుల్. "షుగర్: బీటా 0.21" అని రాసి వదిలేశావు. అది స్టాండర్డైజ్డ్ బీటా. ఆ రకం గుణకానికి కొలబద్ద రోజులు కాదు, స్టాండర్డ్ డీవియేషన్, అంటే విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయన్న కొలత. చాలామంది మూడు నాలుగు రోజుల్లో ఇంటికెళ్ళి, కొద్దిమంది అరవై రోజులు ఉండిపోతే, ఆ కొలబద్దను సాగదీసేది ఆ కొద్దిమందే. పైగా షుగర్ ఉంటుంది, లేదా ఉండదు. అది ఒక స్టాండర్డ్ డీవియేషన్ పెరగడమంటే ఏమిటి? 0.21 అంటే ఎన్ని రోజులని డాక్టర్ అడిగితే నీ దగ్గర జవాబుండాలి. "షుగర్ ఉన్నవాళ్ళు సగటున 2.4 రోజులు ఎక్కువ ఉన్నారు, 95 శాతం ఇంటర్వెల్ 1.1 నుంచి 4.3" అన్నట్టు రాయి. ఇంటర్వెల్‌కి, అంటే అసలు తేడా ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పడానికి, బూట్‌స్ట్రాప్ వాడు. ఉన్న రోగుల్లోంచే, తీసినవాళ్ళను మళ్ళీ కలుపుతూ, వేలసార్లు శాంపిల్ తీసి ప్రతిసారీ గుణకం కట్టే ఈ పద్ధతిని 1979లో బ్రాడ్లీ ఎఫ్రాన్ ప్రతిపాదించాడు. రెండు అంచులూ సమదూరంలో రాకపోతే కంగారుపడకు, వంకర డేటాకు అది సహజమే.

రోజులకు లాగ్ (సంవర్గమానం) తీసుకుంటే మాత్రం చాలా జాగ్రత్త. నా తొలి పేపర్లో గుణకం 0.69 వస్తే 69 శాతం పెరుగుదల అని రాసేశాను. అది లాగ్ మీద వచ్చిన అంకె కాబట్టి e (సుమారు 2.718)కి దాన్ని ఘాతంగా తీసుకోవాలి; అప్పుడు దాదాపు 2, అంటే రెట్టింపు! ఆ తప్పు అచ్చయింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇంకోటి, ఆ రెట్టింపు కూడా గుణమధ్యమానికి (విలువలను కూడకుండా గుణించి, మూలం తీసి కట్టే సగటుకు) సంబంధించిందే, మామూలు సగటుకు కాదు. ఆ మాట వాక్యంలోనే చెప్పు.

ఎక్కువకాలం ఉండిపోయేవాళ్ళ గురించే నీ ప్రశ్న అయితే సగటుకు బదులు ఎంచుకున్న పర్సంటైల్‌ను లెక్కకట్టే క్వాంటైల్ రిగ్రెషన్ చేసి, 90వ పర్సంటైల్ (నూటికి తొంభై మంది దాటని రోజుల హద్దు) దగ్గర ఎన్ని రోజుల తేడా ఉందో చెప్పు. గణాంకవేత్త జేకబ్ కోహెన్ రిగ్రెషన్‌లో ప్రభావాన్ని కొలిచే f²కి ఇచ్చిన 0.02, 0.15, 0.35 హద్దులు చూసి చిన్న, మధ్యస్థం, పెద్ద అని ముద్రలు వేయకు. ఒక్క రోజు తేడా పెద్దదో కాదో వార్డులో పనిచేసేవాళ్ళకు తెలుసు.

టేబుల్ మార్చి పంపు. ఆ అరవై రోజుల వాళ్ళను మాత్రం తీసేయకు.